రేకు వ్యానా, చాసిస్ మీద కట్టిన ఇల్లా? పెద్దమ్మ కాశీ బండి కోసం మేం వేసిన లెక్క

ఈ ఎపిసోడ్ కొంచెం పొడుగున్నది, ముందే చెప్తున్నా. వీడియో చూసే టైం లేనోళ్లు ఇక్కడ రాసింది చదువుకోండి, అంతా ఉన్నది.

కోరుట్లలో మా పెద్దమ్మ కొడుకు ఉన్నడు. సౌదీలో 11 ఏండ్లు ట్రైలర్ నడిపి, పోయిన దసరాకు మొత్తానికే వచ్చేసిండు. ఇల్లు కట్టంగ, చెల్లె పెండ్లి చేయంగ చేతిలో 18 లక్షలు మిగిలినయి. ఆ పైసలతోటి ఒక క్యాంపర్ బండి తీసుకుంటా అన్నడు. నాకు నవ్వొచ్చింది ముందు. కారవాన్ అంటే మనకు సినిమా హీరోలు షూటింగ్ గ్యాప్‌లో కూర్చునే బండే కదా గుర్తుకొచ్చేది. గల్ఫ్‌లో ఉన్నోళ్లకైతే కారవాన్ అంటే సైట్ మీద పెట్టే రేకు గది.

కానీ ఆయన మాట వేరే. మా పెద్దమ్మకు 67 ఏండ్లు. షుగర్, మోకాళ్ల నొప్పులు. గంట, గంటన్నరకు ఒకసారి బాత్రూంకు పోవాలె. బస్సు ఎక్కాలంటే పొద్దటి నుంచి నీళ్లు తాగకుండ కూర్చుంటది. రైల్లో ఆ కాళ్లతోటి పట్టాలెక్కినట్టు ఊగే బోగీలో బాత్రూం దాకా నడవలేదు. కాశీ పోవాలని ఎన్నో ఏండ్ల కోరిక. ఇంట్లనే ఉండిపోయింది. "నేను ఎడారిలో బండి నడిపినన్ని రోజులు ఆమె తలుపు దగ్గర కూర్చొని ఎదురుచూసింది తమ్మీ, ఇప్పుడన్న తిప్పుతా" అన్నడు అన్న. ఇగ నవ్వేది ఏమున్నది?

ఆయన ప్రశ్న ఒక్కటే. కంపెనీ రేకు వ్యాన్ తీసుకొని లోపల మంచం, వంటగది చేయించుకోవాల్నా? లేక ఉత్త చాసిస్ మీద ఇల్లు లెక్క బాడీ కట్టించుకోవాల్నా? మొదటిదాన్ని ప్యానల్ వ్యాన్ కన్వర్షన్ అంటరు, రెండోదాన్ని కోచ్‌బిల్ట్ మోటర్‌హోమ్ అంటరు. యూట్యూబ్‌లో ఇంగ్లండోళ్ల వీడియోలు చూసి చూసి ఆయన బుర్ర ఖరాబైంది. వాళ్ల రోడ్లు వేరు, వాళ్ల చలి వేరు. మనం జగిత్యాల లెక్క వేసుకోవాలె కదా.

ముందు తేడా ఏందో మనకు తెలిసిన బండ్లతోటే చెప్త. 108 అంబులెన్స్ చూసిండ్రు కదా. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ సర్వీసు బండ్లు ఎక్కువగా రేకు వ్యాన్లే. ముందు సీటు నుంచి వెనుక తలుపు దాకా ఒకటే ఇనుప డొక్క, ఫ్యాక్టరీ నుంచే అట్ల వస్తది. లోపల స్ట్రెచర్, ఆక్సిజన్, అల్మారీలు తర్వాత పెట్టినయి. ఫోర్స్ ట్రావెలర్, టాటా వింగర్, కొత్తగా వచ్చిన ఫోర్స్ అర్బేనియా ఈ జాతివి. ఇగ ఆర్టీసీ బస్సు చూడండి. కంపెనీ ఇచ్చేది ఇంజన్, చక్రాలు, చాసిస్. పైన కనిపించే బస్సంతా బాడీ కట్టేటోళ్లు కట్టిందే. మన డీసీఎంల వెనుక డబ్బా కూడా అంతే. మోటర్‌హోమ్‌లో ఆ డబ్బా ఇల్లయితది.

మనకు ఇదేం కొత్త కాదు అసలు. ఎడ్ల కాలంలో సవారి కచ్చురం ఉండె. గూడు కట్టి, గడ్డి పరిచి, పైన బొంత వేసి ఆడోళ్లను, పిల్లల్ను జాతరకు తీసుకపోయేటోళ్లు. ఇప్పటికీ మేడారం పోవాలంటే డీసీఎం మాట్లాడుకొని, టార్పాలిన్ కట్టి, బియ్యం, గంజులు, మేకపోతు అన్నీ ఏసుకొని మూడు రోజులు అండ్లనే ఉంటరు. రేకు వ్యాన్ వైపు కావాలంటే ఎన్టీఆర్ చైతన్య రథం ఉండనే ఉన్నది. 1982లో పాత షెవర్లే వ్యాన్‌ను మార్పించి, హరికృష్ణ నడుపుతుంటే ఊరూరు తిరిగిండు. ఆ నెలలల్లో ఆ బండే ఆయనకు ఇల్లు. అంటే మన రాజకీయాన్ని మార్చింది ఒక వ్యాన్ కన్వర్షన్ అన్నమాట. సరే, పక్కకు పోయినం.

వీడియోలు చూసి తేల్చుకునుడు బంద్ చేద్దాం, రెండు రకాలూ కిరాయికి తీసుకొని ఒక్కో రాత్రి పడుకొని చూద్దాం అన్న. పెద్దమ్మను కూడ తీసుకపోదాం అన్న. ఎందుకంటే బండి ఆమె కోసం. ఏప్రిల్ చివర్ల పోయినం, ఎండ గట్టిగున్నప్పుడే. కావాలనే.

మొదటి రాత్రి ధర్మపురి. రేకు వ్యాన్. కోరుట్ల నుంచి జగిత్యాల మీదుగా నేషనల్ హైవే 63 మీద హాయిగా పోయినం. నడుపుతుంటే ఇన్నోవా కన్నా కొంచెం పెద్ద బండి నడిపినట్టే ఉన్నది తప్ప ఇల్లు మోస్తున్నట్టు లేదు. గుడి దగ్గర గల్లీల తిప్పినం, గోదావరి ఒడ్డు దాకా పోయినం, ఎక్కడా ఇబ్బంది కాలేదు. చెట్టుకొమ్మ తాకలేదు, వైరు తాకలేదు. వ్యాన్ల ఎత్తు రెండున్నర మీటర్ల చుట్టుపక్కల ఉంటది. మన ఊళ్లన్నీ ఆ ఎత్తుకు అలవాటు పడ్డయి, ఎందుకంటే పెండ్లి బండ్లు, స్కూల్ వ్యాన్లు రోజూ తిరిగేది ఆ గల్లీలల్లనే.

రాత్రయినంక కథ మారింది. అడ్డంగ వేసిన మంచం మీద టేపు పెట్టిన, స్క్రీన్ మీద చూడండి, 5 అడుగుల 8 అంగుళాలు. అన్న 5 అడుగుల 10. కాళ్లు ముడుచుకొని పడుకున్నడు. వ్యాన్ బయట నుంచి వెడల్పుగానే కనిపిస్తది. కానీ ఇనుప పక్కలు పైకి పోయేకొద్ది లోపలికి వంగుతయి, దాని మీద ఇన్సులేషన్ ఫోమ్, దాని మీద ప్లైవుడ్. ఒక్కో పక్క రెండు మూడు అంగుళాలు అక్కడే పోతది. అందుకే పొడుగోళ్లు వ్యాన్ తీసుకుంటే మంచం నిలువుగ వేయించుకోవాలె. అప్పుడు నడిచే దారి పోతది. ఏదో ఒకటి పోతది.

ఇంక వేడి. మన జగిత్యాల జిల్లా ఎండ సంగతి మీకు చెప్పేదేమున్నది, మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులు ఎన్ని చూడలేదు? రేకు వ్యాన్‌కు లోపల ఇనుప పక్కటెముకలు ఉంటయి. ఫోమ్ పెట్టేది వాటి మధ్యల. పక్కటెముకల మీద సన్నగ పెడతరు, కొందరు అసలు పెట్టరు. పగలంతా ఎండలో కాగిన ఇనుము రాత్రి పది దాకా లోపలికి వేడి ఊదుతనే ఉంటది. గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, ఎక్కడ పక్కటెముక ఉన్నదో చెయ్యే చెప్తది.

"ఏసీ పెట్టుకుంటే అయిపాయె కదన్నా" అంటరు. పెట్టుకోవచ్చు. లెక్క చూడండి. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ వేడి రాత్రి సగటున 700 వాట్లు తీసుకుంటదనుకుందాం. ఎనిమిది గంటలకు ఐదున్నర యూనిట్ల పైన. 12 వోల్టుల, 200 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీల ఉండేది రెండున్నర యూనిట్లు. అంటే మూడున్నర గంటలల్ల ఏసీ బంద్. అట్లాంటివి రెండు మూడు కావాలె. పైన 540 వాట్ల సోలార్ ప్యానల్ బిగించినా రోజుకు రెండు, రెండున్నర యూనిట్లకు మించి ఆశ పెట్టుకోవద్దు. కాబట్టి మన దిక్కు నిజమైన ఏసీ ఏందంటే గోడ మందం, కిటికీ నీడ, పైకప్పుకు గాలి లాగే ఫ్యాన్. ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ వేసుకొని కిటికీలు మూసి పడుకునుడు మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు. పొగల ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండది. నిద్రలనే ప్రాణం పోతది. దాన్ని పసిగట్టి మోగే చిన్న అలారం దొరుకుతది, ఏ బండైనా ముందు అది కొనండి.

కానీ ఆ రాత్రి అసలు సమస్య మంచం కాదు, వేడి కాదు. మంచం కింద పోర్టబుల్ టాయిలెట్ ఉన్నది. కింద డబ్బా, పైన సీటు, మూత. బాగానే ఉన్నది, వాసన లేదు. చుట్టూ ఒక పరదా లాగుకోవాలె. పెద్దమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది, కొడుకును చూసింది. ఏం మాట్లాడలేదు. రాత్రి రెండు గంటలకు నాకు మెలకువ వస్తే ఆమె మంచం మీద కూర్చొనే ఉన్నది. "ఏంది పెద్దమ్మా" అంటే "ఏం లేదు బిడ్డా, నువ్వు పండుకో" అన్నది. మూరెడు దూరంల పెరిగిన కొడుకు పండుకొని ఉంటే పరదా చాటున ఎట్ల కూర్చుంటది ఆమె? అన్న లేచి ఫోన్ లైట్ వేసుకొని, చెయ్యి పట్టుకొని గుడి దిక్కు బాత్రూంల దాకా నడిపిచ్చుకపోయిండు. తెల్లారేవరకు మూడుసార్లు. ఇంట్ల ఉన్నదానికి, బస్సుల పోయినదానికి, దీనికి ఏం తేడా?

రెండో రాత్రి సిరిసిల్ల. ఈసారి చాసిస్ మీద బాడీ కట్టిన బండి. లోపలికి ఎక్కంగనే ఇల్లే. గోడలు నిట్టనిలువుగ ఉన్నయి. అన్న నిలబడి ఒళ్లు విరిచిండు. గోడలు అంగుళంనర మందం శాండ్‌విచ్ ప్యానల్, అంటే రెండు ఫైబర్ పలకల మధ్యల ఫోమ్. కోల్డ్ స్టోరేజీ గోడల లెక్క. అందుకే వేడి నిజంగ తక్కువున్నది. మధ్యాహ్నం ఎండలో పెట్టినా సాయంత్రానికి గోడ మామూలుగనే ఉన్నది. వెనుక మూలకు బాత్రూం, దానికి తలుపు, ఆ తలుపుకు లోపలి గొళ్లెం. పెద్దమ్మ లోపలికి పోయి గొళ్లెం పెట్టుకొని, తీసుకొని, మళ్ల పెట్టుకొని చూసింది. ఆమె మొహం చూడాల్సింది మీరు.

అన్న అప్పుడే ఫిక్స్ అయిపోయిండు. ఇదే, ఇంకోటి లేదు అన్నడు. నేను ఆగు అన్న. సిరిసిల్లల మా మేనమామ ఇంటికి పోదాం, భోజనానికి పిలిచిండ్రు.

పోలేకపోయినం. మేనమామ ఇల్లు సాంచాల గల్లీల ఉంటది. బండి ఎత్తు మూడు మీటర్లకు దగ్గర. గల్లీ మొదట్లనే కరెంటు తీగలు, కేబుల్ టీవీ వైర్లు వేలాడుతున్నయి. కోరుట్లల పెద్ద వినాయకున్ని తరలిస్తుంటే ముందు ఒకాయన కర్ర పట్టుకొని వైర్లు లేపుకుంట పోతడు చూడండి, అట్లాంటి మనిషి రోజూ కావాలె ఈ బండికి. చివరికి బైపాస్ రోడ్డు పక్కన పెట్టి ఆటోల పోయినం అన్నం తినడానికి. ఇల్లు వెంట ఉన్నది, చుట్టాల ఇంటికి ఆటోల పోవుడు. పెద్దమ్మ ఆటోల అన్నది, "గింత పెద్ద ఇల్లు రోడ్డు మీద ఇడిసి పెట్టి వచ్చినం, తాళం ఏసినవా?"

ఎత్తు సంగతి చిన్నగ తీసుకోవద్దు. ఇప్పుడు పెద్దపల్లి నుంచి కరీంనగర్, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా నిజామాబాద్‌కు రైలు పట్టాలు ఉన్నయి. ఇక్కడనే కాదు, దేశంల ఎక్కడికి పోయినా రైల్వే అండర్ బ్రిడ్జీల ముందు ఎత్తు కొలిచే ఇనుప అడ్డం కనిపిస్తది. గూగుల్ మ్యాప్ మన బండి ఎత్తు అడగది, అది కారు దారే చూపిస్తది. బాడీ కట్టిన బండి తీసుకుంటే పైకప్పు మీద ఏసీ, సోలార్ కలిపి మొత్తం ఎత్తు ఎంతో టేపు పెట్టి కొలిచి, ఒక కాగితం మీద రాసి స్టీరింగ్ పక్కన అతికించుకోండి.

ఇంకో సంగతి, అతుకులు. రేకు వ్యాన్ ఒకటే డొక్క కాబట్టి నీళ్లు వచ్చే దారులు తక్కువ. మనం కోసిన కిటికీ, ఫ్యాన్ రంధ్రం దగ్గరనే భయం. కట్టిన బాడీకి పైకప్పు ఒక పలక, పక్క ఒక పలక, మూలలన్నీ అతుకులు, సీలెంట్‌తోటి కలిపినయి. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లు ఎట్లుంటయో తెలుసు కదా, ఎవరింటి ముందు వాళ్లు కట్టుకున్నట్టు ఉంటయి. ప్రతి ఎగురుడుకు చాసిస్ మెలి తిరుగుతది, డబ్బా దానికి తిరగబడుతది. సీలెంట్ ఎండకు ఎండి, మెలికలకు పగులుతది. వానాకాలం మొదట్ల ఒక చుక్క లోపలికి పోయిందనుకోండి, గోడ లోపల చెక్క ఉంటే అది నానుతది, బయటికి కనిపించదు. కనిపించే వరకు మూల మెత్తబడి ఉంటది. పాత బండి చూసేటప్పుడు మూలలల్ల బొటనవేలుతోటి నొక్కి చూడండి. మెత్తగ దిగితే ఇంటికి రండి. బాడీని చాసిస్ మీద గట్టిగ బోల్టులు కొట్టి బిగించిండ్రా, లేక మెలిక తీసుకునేటట్టు రబ్బరు, స్ప్రింగు మౌంట్ల మీద పెట్టిండ్రా అని కట్టినోళ్లను అడగండి. వాళ్లకు ఈ ప్రశ్న అర్థం కాకపోతే మీకు జవాబు దొరికినట్టే.

వెనుక భాగం కూడ చూడండి. పెద్ద బెడ్‌రూం కోసం వెనుక చక్రాలు దాటినంక బాడీని పొడుగు పెంచుతరు కొందరు. కేంద్ర మోటార్ వాహనాల నిబంధనల ప్రకారం ఆ తోక వీల్‌బేస్‌లో 60 శాతం మించొద్దు. తోక పొడుగైతే ఘాట్ మలుపుల దగ్గర అది పక్కోని మీదికి ఊగుతది, బ్రిడ్జి దిగేకాడ నేలకు రాస్తది.

బరువు సంగతి ఒక నిమిషం. నీళ్ల ట్యాంక్ 100 లీటర్లంటే 100 కిలోలు. ఐదుగురు మనుషులు 300 పైన. బ్యాటరీలు, ఏసీ, మంచాలు, గ్యాస్, బియ్యం, అవ్వ కట్టిచ్చే మామిడికాయ తొక్కు జాడీలు. మీ ఆర్సీలనే ఉత్త బండి బరువు, మొత్తం మోయాల్సిన బరువు రెండూ రాసి ఉంటయి. మన దిక్కు ప్రతి రైస్ మిల్లు దగ్గర వేబ్రిడ్జి కాంటా ఉన్నది. సామానంతా నింపి, మనుషుల్ని కూర్చోబెట్టి, కాంటా మీద ఎక్కించి చూడండి. కొండగట్టు ఘాట్ రోడ్డు పేరెత్తితే మనకు 2018 సెప్టెంబరు 11 గుర్తుకొస్తది. మోయగలిగినదానికి మించి జనంతోటి దిగుతున్న బస్సు లోయల పడి 60 మందికి పైగా పోయిండ్రు, అందరూ మన చుట్టుపక్కల ఊర్లోళ్లే. బరువు, దిగుడు, బ్రేకులు, ఈ మూడింటి గురించి మన జిల్లాల ఎవరికీ పాఠం చెప్పే అవసరం లేదు.

ఇప్పుడు కాగితాలు. ఈ ఒక్కటి నేను నా పైసలు పోగొట్టుకొని నేర్చుకున్నది. నాలుగేండ్ల కింద ఒక పాత వ్యాన్ కొన్న, ఒక షెడ్డుల ఇచ్చి లోపల పని చేయించిన. సీట్లు పీకేసిండ్రు, పక్కకు కిటికీ కోసిండ్రు, పైకప్పుకు రంధ్రం కొట్టిండ్రు. "ఏం కాదన్నా, అందరూ చేయించుకుంటుండ్రు" అన్నడు షెడ్డాయన. నేను నమ్మిన. తర్వాత ఫిట్‌నెస్‌కు తీసుకపోతే ఆర్సీల రాసి ఉన్నది ఒకటి, బండి ఉన్నది ఒకటి. పాస్ కాలేదు. మళ్ల సీట్లు కొని బిగించి, కిటికీకి రేకు వెల్డింగ్ కొట్టించి, పైసలు రెండింతలు పెట్టి బయటపడ్డ. షెడ్డాయన తప్పు ఎంతనో నా తప్పూ అంతే, అడగాల్సింది నేను అడగలేదు.

చట్టం ఏమంటదంటే, 1988 మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీకి తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దు. 2019 జనవరిల సుప్రీంకోర్టు కూడ ఇదే గట్టిగ చెప్పింది. అదే ఏడు చట్టాన్ని సవరించినప్పుడు ఒప్పుకోని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేకపోతే ఆరు నెలల దాకా జైలు, లేకపోతే రెండూ అని పెట్టిండ్రు. కిటికీ ఒకటి, సీట్లు ఒకటి, పైకప్పు ఒకటి, లెక్క మీరే వేసుకోండి. దానికన్నా పెద్ద భయం ఇన్సూరెన్స్. చెప్పకుండ మార్చిన బండికి యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ కాడ ఇది అడ్డం పడుతది.

అట్లని క్యాంపర్ తప్పు కాదు. ప్రభుత్వ జాబితాల క్యాంపర్ వ్యాన్ అనే క్లాసే ఉన్నది, సొంతానికి వాడుకునేది వేరే, కిరాయికి తిప్పేది వేరే. మోటర్ కారవాన్‌లకు ఏఐఎస్ 124 అనే ప్రమాణం ఉన్నది. దాని ప్రకారం పుణెల ఉన్న ఏఆర్‌ఏఐ లాంటి టెస్టింగ్ సంస్థల దగ్గర టైప్ అప్రూవల్ తెచ్చుకున్న బిల్డర్లు కట్టిన బండి ఆర్సీల క్యాంపర్ అనే ఎక్కుతది. కాబట్టి వ్యానైనా, బాడీ కట్టినదైనా, సోఫా రంగు అడిగే ముందు ఈ రెండు ముచ్చట్లు అడగండి. ఒకటి, నేను తీసుకునే ఈ మోడల్ చాసిస్ మీద, ఈ లేఅవుట్‌కు మీకున్న అప్రూవల్ కాగితం చూపించండి. రెండు, ఇంతకు ముందు మీరు డెలివరీ ఇచ్చిన ఒక బండి నంబర్ చెప్పండి. ఫోన్‌ల ఎంపరివాహన్ యాప్ తీసి ఆ నంబర్ కొట్టండి. వెహికిల్ క్లాస్ దగ్గర ఏమున్నదో చదవండి. మేము ఒక చోట అట్ల కొడితే ఇంటి లెక్క కట్టిన బండి గూడ్స్ క్యారియర్ అని వచ్చింది. అంటే ఆర్సీ ప్రకారం మా పెద్దమ్మ ఒక బస్తా అన్నమాట. ఛాయ్ తాగి వచ్చేసినం అక్కడి నుంచి.

లైసెన్స్ గురించి భయపడకండి. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉంటే మామూలు ఎల్‌ఎంవీ లైసెన్స్ నడుస్తది. టోల్ దగ్గర మాత్రం కారు, వ్యాన్ రేటు వేరు, లైట్ కమర్షియల్, మినీ బస్సు రేటు వేరు, అది కూడ లెక్కల పట్టుకోండి. గ్యాస్ సంగతి, ఇంటి ఎర్ర సిలిండర్ బండ్లె పెట్టొద్దు. ఐదు కిలోల చిన్నది దొరుకుతది, లేకపోతే ఇండక్షన్ పెట్టుకోండి. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదనే పరుచుకుంటది. అందుకే సిలిండర్ అరకు కింద బయటికి రంధ్రం ఉండాలె. షెడ్డోళ్లు చాలామంది పైన పెడతరు, చూసుకోండి.

పైసల లెక్క తొందరగ చెప్త. అన్నను ఒకటే అడిగిన, ఏడాదికి ఎన్ని రాత్రులు అండ్ల పడుకుంటవు? వేళ్లు లెక్కపెట్టి 20 అన్నడు. బండి విలువ ఏడాదికి లక్షన్నర తగ్గుతదనుకుందాం, ఇన్సూరెన్స్, సర్వీసు, టైర్లు కలిపి ఇంకో 50 వేలు. రెండు లక్షలు భాగించు 20. రాత్రికి 10 వేలు, డీజిల్ కాకుండ. కిరాయికి తీసుకుంటే దాదాపు అంతే అయితది లేకపోతే తక్కువ. ఆయన కాసేపు ఊకున్నడు. తర్వాత అన్నడు, "కిరాయి బండ్లె అమ్మ పండుకుంటది గని, కిరాయి బాత్రూంల పోదు తమ్మీ." దానికి నా దగ్గర లెక్క లేదు. కానీ రేపు కాశీ పోయి వచ్చినంక బండి అవసరం తీరిపోతే? రేకు వ్యానైతే ఎప్పుడన్న వ్యాన్ కావాలనుకునేటోళ్లు నలుగురు దొరుకుతరు. ఆర్సీ మళ్ల మార్పించుకోవాలె, అయినా కొనేటోడు ఉంటడు. కట్టిన బాడీ ఇల్లైతే ఇంకో పిచ్చోడు దొరికేదాకా ఆగాలె. 11 ఏండ్ల సౌదీ పైసలు అట్ల రోడ్డు పక్కన నిలబడొద్దని నా బాధ.

దారి కూడ చూసినం. కోరుట్ల నుంచి ఆర్మూర్ పోయి నేషనల్ హైవే 44 ఎక్కితే నిర్మల్, ఆదిలాబాద్, నాగపూర్, ఆ తర్వాత జబల్‌పూర్, రీవా మీదుగా కాశీ. వెయ్యి కిలోమీటర్ల పైన. హైవే మీద ఏ బండైనా పోతది. కానీ కాశీ గల్లీలకు రెండూ పోవు, ఊరి బయట పెట్టి ఆటో ఎక్కుడే. అంటే ఎత్తు సమస్య కాశీది కాదు. అది సిరిసిల్లది, వేములవాడది, పెండ్లిలకు, చావులకు పోయే చుట్టాల ఊర్లది. అన్న ఏడాదికి 20 రాత్రులన్నడు కదా, కాశీకి పోయేది వాటిల ఎనిమిదే. మిగతా పన్నెండు ఈ గల్లీలల్లనే.

పిల్లలు ముగ్గురు నలుగురు ఉండి, ఒక్క చోట నాలుగైదు రోజులు ఆగేటోళ్లకు, పెట్టడానికి ఇంటి ముందు ఖాళీ జాగా ఉన్నోళ్లకు చాసిస్ మీద కట్టినదే సుఖం అంట నేను. డ్రైవర్ క్యాబిన్ మీద ఇంకో మంచం కూడ వస్తది, పిల్లలకు అదంటే పిచ్చి. మా అన్నకు మాత్రం వ్యానే నయం అనిపించింది. కాకపోతే మొదటి రాత్రి చూసిన వ్యాన్ కాదు. పొడుగు వీల్‌బేస్ వ్యాన్, వెనుక మూలకు నాలుగు గోడలున్న బాత్రూం. పరదా కాదు, గట్టి తలుపు. దాని కోసం ఒక మంచం పోయింది. పోయింది అన్న మంచమే. ఆయన డ్రైవర్ సీటు వెనుక నడిచే దారిల చాప వేసుకొని నిలువుగ పండుకుంట అన్నడు, "ట్రైలర్ క్యాబిన్‌ల పండుకున్నోన్ని, నాకేంది" అని. టాయిలెట్ డబ్బా 20 లీటర్లది, ముగ్గురు మనుషులకు రెండు రోజులు వస్తది. బంకుల దగ్గర అడిగి బాత్రూంల ఖాళీ చేసుకోవాలె, రోడ్డు పక్కన పొలంల మాత్రం పొయ్యొద్దు. మనం పోయినంక ఆ చేను ఆయన చూసుకోవాల్సి వస్తది. పరదాలు సిరిసిల్ల గుడ్డ, మేనమామ ఇస్తా అన్నడు. ఆటోల అన్నానికి వచ్చినందుకు కట్నం అట.

ఆ లేఅవుట్‌కు అప్రూవల్ ఉన్న బిల్డర్ ఒకాయన దొరికిండు. అడ్వాన్స్ ఇంకా కట్టలేదు. ఆయన ఇచ్చిన కాగితం పట్టుకొని జగిత్యాల ఆర్టీఏ ఆఫీసుల ఒకసారి చూపిచ్చి, వాళ్లు సరే అన్నంకనే కడతం.

మొన్న డ్రాయింగ్ తీసుకొని పెద్దమ్మకు చూపెట్టినం. ఆమెకు డ్రాయింగ్ ఏం తెలుస్తది. కుర్చీల కూర్చొని, చెయ్యి పైకి లేపి గోడ మీద ఒక చోట పెట్టింది. "గొళ్లెం గిక్కడ ఉండాలె. లేచి నిలబడకుండ అందాలె." అన్న టేపు తీసిండు. నేల నుంచి 31 అంగుళాలు. డ్రాయింగ్ మీద రాసుకున్నడు. "లైటు స్విచ్ గూడ గక్కడనే పెట్టుమను," అన్నది ఆమె.